12యూ ఐస్ హాకీలో నంబర్ వన్ టీమ్ ఎవరిదో తేల్చుకోవడం ఎలా

మార్చి వచ్చిందంటే మా మిషిగన్ ఐస్ రింకుల లాబీల్లో ఒకటే చర్చ. ఈ ఏడాది నంబర్ వన్ ఎవరు? 14యూ నుంచి పైన ఆడే పిల్లల విషయంలో ఈ గొడవ కొంత తేలిక. అమెరికాలో ఐస్ హాకీని నడిపే సంస్థ యూఎస్ఏ హాకీ వాళ్లకి జాతీయ చాంపియన్‌షిప్ పెడుతుంది, కప్పు ఎవరు గెలిస్తే వాళ్ల పేరు చెప్పుకోవచ్చు. 12యూకి, అంటే పన్నెండేళ్లు, ఆ లోపు వయసు పిల్లలకి, జాతీయ స్థాయి పోటీ లేదు. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రంలో చాంపియన్ ఉంటుంది. మిషిగన్ చాంపియన్ గొప్పా, మిన్నెసోటా చాంపియన్ గొప్పా అని తేల్చే మ్యాచ్ ఎక్కడా జరగదు. అందుకే ర్యాంకింగుల మీద పట్టింపు ఈ వయసు దగ్గరే ఎక్కువ.

మేం డెట్రాయిట్ శివార్లలో, నోవైలో ఉంటాం. మా అమ్మాయి 12యూ గర్ల్స్ టీమ్‌లో గోలీ, అంటే గోల్‌కీపర్. నేను ఆ టీమ్‌కి మేనేజర్‌ని. హోటల్ గదులు బుక్ చేయడం, టోర్నమెంట్ ఫీజులు వసూలు చేయడం, ప్రతి మ్యాచ్ స్కోర్‌షీట్ ఫొటో తీసి దాచడం, స్కోరు ఎక్కించడం నా పని. ఆ స్కోర్‌షీట్ల వల్లే నాకు ఈ లెక్కల మీద ఆసక్తి పుట్టింది.

ఇదంతా ఎందుకంటే, ఈ ర్యాంకు పిల్లల గోడకి తగిలించుకునే బొమ్మ కాదు. సీజన్ అయిన వెంటనే ట్రైఅవుట్స్, అంటే వచ్చే ఏడాది టీములకి పిల్లల ఎంపికలు, మొదలవుతాయి. 'మేం రాష్ట్రంలో నంబర్ వన్' అని ఒక క్లబ్ చెప్పుకుంటే వేల డాలర్ల ఫీజు కట్టడానికి కుటుంబాలు అటు పరిగెడతాయి. గట్టి టీములతో ఆడి ఓడిన పిల్లలకేమో 'పదో స్థానం టీమ్' అన్న పేరు పడుతుంది. తప్పు ర్యాంకు వల్ల నష్టపోయేది పదకొండేళ్ల పిల్లలు. కాబట్టి లెక్క కట్టేటప్పుడు నిజాయితీగా కట్టాలి.

ముందు ఏ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నారో తేల్చుకోండి

'రేపు ఆడితే ఎవరు గెలుస్తారు' అన్నది ఒక ప్రశ్న. 'సీజన్ మొత్తం మీద ఎవరు ఎక్కువ సాధించారు' అన్నది ఇంకో ప్రశ్న. ఈ రెండూ కలిపేస్తే వాదన ఎప్పటికీ తెగదు. సెప్టెంబర్‌లో వరసగా ఓడి, ఫిబ్రవరికి అందరినీ కొట్టేసే స్థాయికి వచ్చిన టీమ్ ఉందనుకోండి. మొదటి ప్రశ్నకి అదే జవాబు కావచ్చు, రెండో ప్రశ్నకి కాకపోవచ్చు.

టాప్ ర్యాంకుకి అర్హత అన్నప్పుడు నేను రెండో ప్రశ్ననే పట్టుకుంటాను. సెప్టెంబర్ మ్యాచ్ కూడా మ్యాచే. ఆ రోజు కూడా పిల్లలు తెల్లవారుజామున లేచి, చలిలో బ్యాగులు మోసుకుని వచ్చి ఆడారు. ఒక్క షరతు మాత్రం పెట్టుకుంటాను, దాని గురించి కింద రోస్టర్ల (టీమ్‌లో ఎవరెవరున్నారన్న జాబితాల) దగ్గర చెప్తాను.

గెలుపోటముల పట్టికని నమ్మకండి

మాకు తెలిసిన ఒక తెలుగాయన కూతురు వేరే టీమ్‌లో ఆడుతుంది. ఫిబ్రవరిలో రింక్ దగ్గర కలిసి, "అక్కా, సీజన్ మొత్తంలో మావాళ్లు 38 మ్యాచ్‌లు గెలిచి, రెండే ఓడారు. ఇంక నంబర్ వన్ ఎవరని లెక్కలెందుకు?" అన్నాడు. "ఎవరెవరితో ఆడారో ఆ లిస్టు పంపు తమ్ముడూ, అప్పుడు చెప్తాను" అన్నాను. పంపాడు. అందులో పై స్థాయి టీములు నాలుగైదుకి మించి లేవు. ఆ రెండు ఓటములూ వాటి చేతుల్లోనే.

పిల్లల తప్పేం లేదు. షెడ్యూల్ వేసేది పెద్దవాళ్లు. కానీ 38 గెలుపులు అన్న నంబర్ ఒక్కటీ చూసి ఏమీ చెప్పలేం. ఎవరి మీద గెలిచారన్నదే అసలు సంగతి.

ఇక్కడ మాకు బాగా అలవాటైన పద్ధతి మై హాకీ ర్యాంకింగ్స్‌ది. అమెరికా, కెనడాల్లో యూత్ హాకీ తల్లిదండ్రులు ఎక్కువగా చూసేది దాన్నే. సూత్రం చాలా సింపుల్. ఒక టీమ్ రేటింగ్ అంటే దాని సగటు గోల్ తేడా, దానికి తోడు అది ఆడిన ప్రత్యర్థుల సగటు రేటింగ్. రెండూ కూడితే వచ్చేదే. ఒక మ్యాచ్‌లో గోల్ తేడా 7కి మించితే 7 గానే లెక్క. రెండు టీముల రేటింగుల మధ్య తేడా 2 ఉంటే, పై టీమ్ సగటున రెండు గోల్స్ తేడాతో గెలవాలని అర్థం.

ఇది వేళ్ల మీద చేసి చూస్తేనే మనసుకి పడుతుంది. ఎర్ర జెర్సీ టీమ్ నాలుగు మ్యాచ్‌లు ఆడిందనుకుందాం. 82 రేటింగ్ ఉన్న టీమ్ మీద 7 గోల్స్ తేడాతో గెలిచింది, 82కి 7 కలిపితే 89. 83 మీద 5 గోల్స్‌తో గెలిచింది, 88. 85 మీద 4తో, 89. 86 మీద 2తో, 88. సగటు 88.5. నాలుగుకి నాలుగూ గెలుపులే.

నీలం జెర్సీ టీమ్‌ని చూడండి. 88 ఉన్న టీమ్ మీద 3 గోల్స్‌తో గెలిచింది, 91. 92 ఉన్న టీమ్ చేతిలో ఒక్క గోల్‌తో ఓడింది, ఒకటి తీసేస్తే అది కూడా 91. 87తో డ్రా చేసుకుంది, 87. 84 మీద 6తో గెలిచింది, 90. సగటు 89.75.

ఒక ఓటమి, ఒక డ్రా ఉన్నా నీలం టీమే పైన ఉంది. 92 రేటింగ్ టీమ్‌తో ఒక్క గోల్‌తో ఓడటం, 88 టీమ్‌ని మూడు గోల్స్‌తో కొట్టడం ఇక్కడ సమానం. చాలామంది తల్లిదండ్రులకి ఈ ఒక్క లైను మింగుడు పడదు. గోలీ తల్లిగా నాకు మాత్రం ఇది న్యాయంగా తోస్తుంది. బలమైన టీమ్ మీద నలభై షాట్లు ఎదుర్కొని 2-1తో ఓడిన రోజు మా అమ్మాయి ఆడిన ఆట, పది షాట్లు కూడా రాని 8-0 గెలుపు కన్నా ఎన్నో రెట్లు మేలు.

మీరే లెక్క కట్టుకునే పద్ధతి

దీనికి గూగుల్ షీట్స్ చాలు. ఒక షీట్‌లో ప్రతి మ్యాచ్‌నీ రెండుసార్లు రాయండి, ఒకసారి మీ టీమ్ వైపు నుంచి, ఒకసారి ప్రత్యర్థి వైపు నుంచి. తేదీ, టీమ్, ప్రత్యర్థి, కొట్టిన గోల్స్, ఇచ్చిన గోల్స్, లీగ్ మ్యాచా టోర్నమెంటా, చివర ఒక నోట్ కాలమ్. ఈ నోట్ కాలమ్‌ని బద్ధకించి వదిలేయకండి, తర్వాత తీర్పంతా అక్కడి నుంచే వస్తుంది.

రెండో షీట్‌లో టీముల పేర్లు, పక్కన అందరికీ 90. అదే మొదటి రేటింగ్. ఇప్పుడు మ్యాచ్‌ల షీట్‌లో ప్రతి లైనుకీ ప్రత్యర్థి రేటింగ్‌ని వీలుకప్ (VLOOKUP) ఫార్ములాతో లాగి, దానికి గోల్ తేడా కూడండి, ఓడితే తీసేయండి. 7 దాటితే 7. ఆ తర్వాత టీమ్ వారీగా సగటు తీసే ఏవరేజ్‌ఇఫ్ (AVERAGEIF) పెడితే కొత్త రేటింగ్ వస్తుంది. పాత రేటింగ్, కొత్త రేటింగ్ రెండింటి సగటు తీసి దాన్ని మళ్లీ పాత స్థానంలో విలువలుగా పేస్ట్ చేయండి. ఇలా తిప్పుతూ పోతే కాసేపటికి నంబర్లు కదలడం మానేస్తాయి. అవే మీ రేటింగులు. పూర్తి కొత్త నంబర్ పెట్టకుండా సగటు ఎందుకంటే, టీములు తక్కువున్నప్పుడు నంబర్లు ఒకసారి పైకి, ఒకసారి కిందికి ఊగుతూ ఉంటాయి. సగటు తీస్తే ఆ ఊగుడు ఆగుతుంది.

మీ టీమ్ మ్యాచ్‌లు మాత్రమే ఎక్కిస్తే లాభం లేదు. మీ ప్రత్యర్థుల మ్యాచ్‌లు, వాళ్ల ప్రత్యర్థుల మ్యాచ్‌లు కూడా కావాలి. మా డివిజన్‌లో గర్ల్స్ టీములు తక్కువ కాబట్టి నాకు ఇది మోయగలిగిన పనే.

స్కోరు ఎక్కించే ముందు స్కోర్‌షీట్ చదవండి

ఇక్కడే నేను ఎక్కువ టైమ్ పెడతాను. రింక్‌లో టైమ్‌కీపర్ పక్కన కూర్చుని నింపే ఆ కాగితంలో ఫైనల్ స్కోరు కన్నా ఎక్కువ కథ ఉంటుంది. ప్రతి గోల్‌కీ పీరియడ్, టైమ్, కొట్టిన అమ్మాయి జెర్సీ నంబర్, అసిస్ట్ ఇచ్చిన వాళ్ల నంబర్లు, పవర్ ప్లేలో (అవతలి ప్లేయర్ పెనాల్టీ మీద బయట ఉన్నప్పుడు) వచ్చిందా, ఎంప్టీ నెట్‌లో పడిందా అన్నవి రాసి ఉంటాయి.

ముందుగా ఎంప్టీ నెట్. చివరి నిమిషంలో ఒక గోల్ వెనక ఉన్న టీమ్ గోలీని బయటికి పిలిచి ఆరో స్కేటర్‌ని దింపుతుంది. పక్ (బంతి బదులు వాడే రబ్బరు బిళ్ల) జారి అవతలి వాళ్లకి దొరికితే ఖాళీ నెట్‌లోకి కొట్టేస్తారు. 3-2 మ్యాచ్ కాస్తా 4-2 అవుతుంది. ఒక్కోసారి 5-2. ఆ రెండు గోల్స్ ఏ టీమ్ ఎంత బలమైనదో చెప్పవు, కోచ్ గెలవాలని తెగించాడని చెప్తాయంతే. ఎంప్టీ నెట్ గోల్స్‌ని నేను తేడాలోంచి తీసేస్తాను. గోలీని బయటికి పిలిచే ధైర్యం ఉన్న కోచ్ టీమ్‌కి ర్యాంకులో శిక్ష పడకూడదు.

తర్వాత ఓవర్‌టైమ్, షూటౌట్. ఓవర్‌టైమ్‌లో గెలిస్తే ఒక గోల్ తేడా అని రాస్తాను. షూటౌట్‌లో గెలిస్తే సున్నా, అంటే డ్రా. షూటౌట్ గోలీకి, ఒక్కో షూటర్‌కీ మధ్య పోటీ. టీమ్ మొత్తం ఆడిన ఆట అప్పటికే సమానమని తేలిపోయింది. ప్రత్యర్థి రాకపోవడం వల్ల వచ్చిన గెలుపుని అసలు ఎక్కించను.

ఇంకొకటి రన్నింగ్ క్లాక్. తేడా బాగా పెరిగాక గడియారం ఆపకుండా నడిపించే రూలు చాలా లీగుల్లో ఉంది. విజిల్ పడినా టైమ్ పోతూనే ఉంటుంది. కాబట్టి 7-0 మ్యాచ్ నిజానికి పూర్తి నిడివి మ్యాచ్ కాదు. టోర్నమెంట్లలో పీరియడ్లే చిన్నవి పెడతారు, వరసగా మ్యాచ్‌లు నడపాలి కదా. చిన్న మ్యాచ్‌లో రెండు గోల్స్ తేడా అంటే లీగ్ మ్యాచ్‌లో రెండు గోల్స్ కన్నా గట్టిదే. నేను దీనికి ఫార్ములా ఏమీ పెట్టను, నోట్‌లో రాసుకుని ఉంచుతాను. చివర్లో రెండు టీములు దగ్గర దగ్గరగా వస్తే అప్పుడు తీసి చూస్తాను.

షాట్ల లెక్కని మాత్రం కాస్త దూరంగా పెట్టండి. కొందరు తల్లిదండ్రులు పోస్ట్‌కి తగిలినదాన్ని కూడా షాట్‌గా రాస్తారు. పోస్ట్‌కో క్రాస్‌బార్‌కో తగిలి బయటికి పోయింది షాట్ ఆన్ గోల్ కాదు. గోలీ పట్టకపోతే నెట్‌లోకి వెళ్లేదే షాట్. ఒక రింక్‌లో 22 అని రాసిన మ్యాచ్‌కి ఇంకో రింక్‌లో 31 అని రాసేవాళ్లు. ఇలాంటి నంబర్ మీద ర్యాంకు కట్టకూడదు.

7 దగ్గర ఎందుకు ఆపాలి

క్రికెట్‌లో నెట్ రన్‌రేట్ కోసం బలహీనమైన టీమ్‌ని చితక్కొట్టడం మనందరం చూసిందే. ఇక్కడ ఆ కోరిక పుట్టకూడదు. ఎదురుగా ఉన్నది పదకొండేళ్ల గోలీ. హద్దు లేకపోతే, 12-0 గెలుపు ఒక్కటి నాలుగు మంచి మ్యాచ్‌లంత బరువు తూగుతుంది. హద్దు పెట్టడం లెక్కకీ మంచిది, పిల్లలకీ మంచిది.

కానీ హద్దుకి రెండో వైపు కూడా ఉంది. మీ టీమ్ 90, అవతలి టీమ్ 80 అనుకోండి. పది గోల్స్‌తో కొట్టినా 7 గానే పడుతుంది, ఆ మ్యాచ్ విలువ 87 అవుతుంది. గెలిచి కూడా రేటింగ్ తగ్గుతుంది. లీగ్ షెడ్యూల్‌లో ఉన్న మ్యాచ్ ఆడినందుకు టీమ్ నష్టపోవడం సరికాదు. కాబట్టి నా షీట్‌లో ఒక రూలు ఉంది. రేటింగ్ తేడా 7 కన్నా ఎక్కువ ఉండి, బలమైన టీమ్ 7తోనో అంతకన్నా ఎక్కువతోనో గెలిస్తే ఆ మ్యాచ్ లెక్కలోకి రాదు. తక్కువతో గెలిచినా, ఓడినా మాత్రం వస్తుంది.

టీముల మధ్య వంతెనలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి

రేటింగుల పట్టికలో అసలు బలహీనత ఇదే, చాలామంది దీన్ని చూడనే చూడరు. మిషిగన్ టీములు మిషిగన్ టీములతో ఆడుకుంటాయి. మిన్నెసోటాలో ఊరి అసోసియేషన్ల పద్ధతి, వాళ్లు ఎక్కువగా వాళ్లలో వాళ్లే ఆడతారు. ఈ రెండు గుంపుల మధ్య ఒక్క మ్యాచ్ కూడా జరగకపోతే ఇక్కడి 90కి, అక్కడి 90కి ఏ సంబంధమూ లేదు. పేరుకి ఒకే పట్టికలో ఉన్నా అవి రెండు వేర్వేరు కొలతలు.

గుంపుల్ని కలిపేది టోర్నమెంట్లు. థాంక్స్‌గివింగ్ వీకెండ్, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ డే వీకెండ్, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వీకెండ్. ఈ మూడింట్లో బయటి రాష్ట్రాల టీములు కలుస్తాయి. మాకైతే డెట్రాయిట్ నది దాటితే కెనడాలోని ఒంటారియో. గర్ల్స్ హాకీ అక్కడ బాగా ఎక్కువ కాబట్టి విండ్సర్, లండన్ (ఒంటారియోలోని ఊరే) వైపు టీములతో మ్యాచ్‌లు దొరుకుతాయి. వాళ్ల యూ13 అన్నా మా 12యూ అన్నా ఒకే పుట్టిన సంవత్సరాల పిల్లలు. పేరు చూసి వాళ్లు ఏడాది పెద్దవాళ్లనుకోకండి.

ఇప్పుడు మీ షీట్‌లో చూడాల్సింది, రెండు ప్రాంతాల్ని కలిపే మ్యాచ్‌లు ఎన్ని? అవి రెండో మూడో అయితే, ఆ రోజు ఒక గోలీకి జ్వరం వచ్చినా ఒక ప్రాంతం మొత్తం అర గోల్ పైకో కిందికో జరిగిపోతుంది. అలాంటప్పుడు నేను 'మిషిగన్‌లో నంబర్ వన్' అని చెప్తాను గానీ 'దేశంలో నంబర్ వన్' అన్న మాట నోట రానివ్వను. వంతెన మ్యాచ్‌ల్లో వేర్వేరు టీములు, వేర్వేరు నెలల్లో, పదీ ఇరవై ఆడి ఉంటే అప్పుడు ధైర్యంగా పోల్చవచ్చు.

ఆ రోజు ఐస్ మీద ఎవరున్నారు?

యూఎస్ఏ హాకీలో డిసెంబర్ 31తో రోస్టర్లు ఖరారవుతాయి. ఆ తర్వాత కొత్త ప్లేయర్‌ని చేర్చుకోవడం కుదరదు. కాబట్టి అక్టోబర్‌లో ఆడిన టీమ్, జనవరిలో ఆడిన టీమ్ ఒకటే కాకపోవచ్చు. పైన చెప్పిన షరతు ఇదే. ఇద్దరు ముగ్గురు ముఖ్యమైన ప్లేయర్లు మధ్యలో మారిన టీమ్ అయితే జనవరి నుంచి ఆడిన మ్యాచ్‌లకి విడిగా రేటింగ్ కట్టి పక్కన రాసుకోండి. రెండింటికీ పెద్ద తేడా లేకపోతే సీజన్ రేటింగే ఉంచండి. తేడా గోల్ దాటితే ఆ టీమ్ గురించి వివరంగా మాట్లాడాలి, ఒక్క నంబర్‌తో సరిపెట్టకూడదు.

గోలీల సంగతి ఇంకా ముఖ్యం. ఈ వయసులో చాలా టీముల్లో ఇద్దరు గోలీలు వంతులవారీగా ఆడతారు, అలాగే ఆడించాలి కూడా. కొందరు కోచ్‌లు మాత్రం పెద్ద మ్యాచ్‌లన్నీ ఒక్క గోలీకే ఇస్తారు. ఇద్దరికీ సమానంగా అవకాశం ఇచ్చి నంబర్ వన్ దగ్గరికి వచ్చిన టీమ్‌ని చూస్తే నాకు గౌరవం. లెక్కలో దానికి పాయింట్లు ఇవ్వను గానీ, రెండు టీములు సమానంగా తేలినప్పుడు ఆ నోట్ చదివి మరీ నిర్ణయం తీసుకుంటాను. ఇది పక్షపాతం అంటే అనండి. పిల్లల టీమ్‌ని పిల్లల టీమ్‌లాగే చూడాలి.

ముఖాముఖి మ్యాచ్‌కి ఎంత విలువ?

'మేం వాళ్లని ఓడించాం కదా' అన్నది లాబీలో అన్నిటికన్నా గట్టిగా వినపడే మాట. ఎర్ర టీమ్ నీలాన్ని ఓడించింది, నీలం పచ్చని ఓడించింది, పచ్చ ఎర్రని ఓడించింది. ప్రతి సీజన్‌లోనూ ఇలాంటి చక్రం ఒకటైనా తగులుతుంది. ఒక మ్యాచ్ ఫలితంతో ర్యాంకు మార్చడం మొదలుపెడితే ఎక్కడా ఆగలేం.

నేను పాటించేది ఇది. రెండు టీముల రేటింగ్ తేడా అర గోల్ కన్నా ఎక్కువైతే ముఖాముఖి చూడను. అర గోల్ లోపు ఉంటే అప్పుడు ముఖాముఖి మ్యాచ్‌లన్నీ తీస్తాను, ఒకటి కాదు, అన్నీ. మూడు నాలుగు సార్లు తలపడి ఒకరే ఎక్కువ గెలిస్తే వాళ్లే పైన.

అర గోలే ఎందుకంటే, ఒక మ్యాచ్‌లో గోల్ తేడా అనుకున్నదానికి రెండు మూడు గోల్స్ అటూ ఇటూ అవడం మామూలే. రెండున్నర అనుకుందాం. 40 మ్యాచ్‌ల సగటు తీస్తే ఆ అనిశ్చితి 40 వర్గమూలంతో భాగించబడి సుమారు 0.4కి దిగుతుంది. రెండు టీముల్ని పోల్చేటప్పుడు ఇద్దరి అనిశ్చితీ కలుస్తుంది కాబట్టి అర గోల్ పైచిలుకు అవుతుంది. అంటే 89.7కి, 89.4కి మధ్య మనం చూసేది తేడా కాదు. పట్టికలో ఒకటి, రెండు అని రాసి ఉంది కాబట్టి తేడా ఉందనిపిస్తుందంతే.

గెలుపుల్ని మళ్లీ లెక్కలోకి తీసుకోండి

గోల్ తేడా పద్ధతిలో ఒక లోటుంది. బలమైన టీములన్నిటితోనూ ఒక్కో గోల్‌తో ఓడుతూ వచ్చిన టీమ్ కూడా పైకి ఎక్కి కూర్చోగలదు. దాన్ని మంచి టీమ్ అనొచ్చు, నంబర్ వన్ అనలేం. ఆట గెలవడానికే ఆడతారు.

అందుకని గెలుపోటములు మాత్రమే చూసే పద్ధతితో ఒకసారి సరిచూసుకోండి. అమెరికన్ కాలేజీ హాకీని ఫాలో అయ్యేవాళ్లకి క్రాచ్ అనే రేటింగ్ తెలిసే ఉంటుంది. బ్రాడ్లీ, టెర్రీ అనే గణాంకవేత్తల పేరు మీద ఉన్న పద్ధతి దానికి ఆధారం. ఒక టీమ్‌కి 300, ఇంకోదానికి 100 ఉంటే, నాలుగు మ్యాచ్‌లాడితే మొదటిది మూడు గెలుస్తుందని అర్థం. గోల్స్ ఎన్నన్నది దానికి పట్టదు. ఒక్క మ్యాచ్ కూడా ఓడని టీమ్ ఉంటే మాత్రం ఈ లెక్క తేలదు, దాని రేటింగ్ అంతులేకుండా పెరుగుతూ పోతుంది.

అంత లెక్క ఓపిక లేనివాళ్లకి నేను చెప్పే సులువైన దారి ఒకటుంది. మీ రేటింగులో పై ఎనిమిది టీముల్ని తీయండి. వాటి మధ్య జరిగిన మ్యాచ్‌లు మాత్రమే వేరే కాగితం మీద రాయండి. నంబర్ వన్ అనబోయే టీమ్ ఆ మ్యాచ్‌ల్లో కనీసం సగం గెలిచి ఉండాలి. గెలవకపోతే తర్వాతి టీమ్‌ని చూడండి. రేటింగులో పైనున్న టీమ్, ఈ కాగితం మీద పైనున్న టీమ్ ఒకటే అయితే మీ పని అయిపోయింది, ఎవరితోనైనా వాదించవచ్చు.

రాష్ట్ర కప్పు సంగతేంటని అడుగుతారు. ఒక వీకెండ్‌లో, ఓడితే ఇంటికే అన్న టెన్షన్‌లో గెలవడం గొప్ప విషయం. దానికి కప్పు ఉంది, బ్యానర్ ఉంది, ఫొటో ఉంది. సీజన్ ర్యాంకులో మాత్రం ఆ మ్యాచ్‌లు మిగతా మ్యాచ్‌లతో సమానమే. చాంపియన్ ఒకరు, నంబర్ వన్ మరొకరు అయితే అందులో వింతేం లేదు, రెండు పేర్లూ చెప్పండి.

రాసేటప్పుడు

ర్యాంకు ఒక్కటే రాయకండి. పక్కన ఆడిన మ్యాచ్‌లు, సగటు గోల్ తేడా, ప్రత్యర్థుల సగటు రేటింగ్, పై ఎనిమిది టీములతో గెలుపోటములు, ఈ నాలుగూ ఉండాలి. అర గోల్ లోపు ఉండి, ముఖాముఖి చూసినా, నోట్ చదివినా తేలని టీముల్ని 'ఇద్దరూ 1' అని రాయండి. గట్టిగా విడదీయమని ఒత్తిడి వస్తుంది. విడదీయడానికి మ్యాచ్‌లు చాలవని చెప్పి, షీట్ చూపించండి. ఇరవై మ్యాచ్‌లు కూడా ఆడని టీమ్‌ని నేను పై స్థానాలకి పరిగణించను, విడిగా కింద రాస్తాను.

10యూ, అంతకన్నా చిన్న పిల్లలకి మాత్రం ఈ షీట్ తయారుచేయమని ఎవరడిగినా చేయను. ఆ వయసులో జనవరిలో పుట్టిన పిల్లకీ డిసెంబర్‌లో పుట్టిన పిల్లకీ మధ్య ఒంటిలోనే అంత తేడా ఉంటుంది, మనం కొలిచేది హాకీ కాదు, ఎత్తు.

ఫైల్‌ని ఎప్పుడు మూయాలన్నది కూడా ముందే నిర్ణయించుకోండి. నేను చివరి మ్యాచ్ స్కోరు ఎక్కించాక, ట్రైఅవుట్స్ మొదలయ్యే లోపు, తేదీ వేసి మా కోచ్‌కి, అడిగిన మిగతా టీముల మేనేజర్లకి ఒకేసారి పంపేస్తాను. స్కోరు తప్పు పడిందని ఎవరైనా స్కోర్‌షీట్ ఫొటో పంపితే దిద్దుతాను. ఫొటో లేకుండా వచ్చే ఫోన్లకి 'కాగితం పంపండి, చూస్తాను' అంటాను. వచ్చే ఏడాదికి పిల్లలు మారిపోతారు, సగం మంది 14యూకి వెళ్లిపోతారు, కాబట్టి సెప్టెంబర్‌లో కొత్త షీట్ తెరిచినప్పుడు అందరి రేటింగూ మళ్లీ 90.